స్వయంపోషక సౌధములు

ఈ కొలది సంవత్సరములనుండి మన పట్టణములలో నొక క్రొత్తమాట వినవచ్చుచున్నది. కార్యాలయభవనములు ఇకమీదట తమకు వలసిన కరెంటును తామే పుట్టించుకొనుననియు, తమకు వలసిన నీటిని తామే పట్టుకొనుననియు, తమ మురికిని తామే కడిగికొనుననియు చెప్పుచున్నారు. ఇట్టివానికి హరితభవనములని పేరు. వానిలో మేటివానికి స్వయంపోషకములని బిరుదు. బిరుదు పొందినవారిని గౌరవించుట మన దేశాచారమే కాని, బిరుదును బట్టి గాక పనిని బట్టి విలువకట్టుట విమర్శకుని ధర్మము. ఒక కావ్యము వెలువడినపుడు అందలి కథను, వర్ణనలను, రసపోషణమును విడివిడిగా పరిశీలించు మనము, వందలమంది తమ పగలెల్ల గడపు భవనమును మాత్రము దాని ముఖము చూచియే మెచ్చుకొనుట న్యాయము కాదు. అందుచే ఈ మాసమున మేమొక భవనమునే గ్రంథముగా భావించి విమర్శింప బూనితిమి.

ఆ భవనము హైదరాబాదులో హైటెక్ సిటీ చెంతనున్న సి.ఐ.ఐ. సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును, భారత పరిశ్రమల సమాఖ్యయు, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషనును కలిసి దీనిని నెలకొల్పినవి. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. 2004 జూలై 14వ తేదిని అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు దీనిని ప్రారంభించిరి. అమెరికాలో పుట్టిన లీడ్ అను కొలమానమున 69 మార్కులకు 56 సంపాదించి, ఆ దేశమునకు వెలుపల ప్లాటినము శ్రేణి నందుకొన్న మొదటి భవన మిదియే. దేశమందలి హరితభవనములకు మార్కులిచ్చు భారతీయ హరితభవన మండలి కార్యాలయమును ఇందే యున్నది. కావున దీనిని విమర్శించుట పరీక్షకుని యింటినే పరీక్షించుట వంటిది.

భవనము గుండ్రముగా నున్నది. నడుమ విశాలమైన ముంగిలి. దాని చుట్టు గదులు. గదుల మధ్య మరల చిన్న ముంగిళ్లు. ఏ బల్లయొద్ద కూర్చున్నను పగటివెలుగు సోకునట్లు కిటికీలమర్చిరి. అద్దములను ఎక్కువగా ఉత్తరపు దిక్కున నుంచి, గోడలను గాలిబుడగలు నిండిన తేలికైన సిమెంటు దిమ్మెలతో కట్టిరి. కొన్నిచోట్ల జాలీగోడలు కలవు. రెండు గాలిబురుజులు పైగాలిని పట్టి కొంత చల్లార్చి ఏసీ యంత్రములకు పంపును. యంత్రము మండుటెండలోని గాలిని గాక, అప్పటికే వేడి తగ్గిన గాలిని అందుకొనును గనుక దానికి పని తగ్గును. కప్పులో సగమునకు మించిన భాగమున గడ్డియు మొక్కలును పెంచిరి; వేరొకభాగమున సౌరఫలకములు పరచిరి. వాడిన నీరంతయు నీటిమొక్కలు నాటిన మడుగులగుండ పోయి, ఆ మొక్కల వేళ్లయొద్ద శుద్ధియై, తోటకు చేరును. ఆ నీరు ఆవరణ దాటి మురికికాలువలో పడకుండుట నిర్మాతల సంకల్పము. నడచు బాటలకు సైతము వానను నేలలోనికి దింపు పలకలు వేసిరి.

మేమీ గ్రంథమును మెచ్చుకొనక యుండలేము. ఇందు మాకు మిక్కిలి నచ్చినవి యంత్రములు కావు. యంత్రమునకు పని తగ్గించిన గోడయు, నీడయు, ముంగిలియు. వీనిలో పెక్కు సంగతులు మనకు బొత్తిగా క్రొత్తవి కావు. నల్లగొండ, మహబూబునగరము మెట్టప్రాంతములలో పాత భవంతి యిండ్లు చూచినవారికి నడిముంగిలివలన గాలి యెట్లాడునో తెలియును. మందమైన రాతిగోడకు డంగుసున్నము పూసిన గదిలో వైశాఖమాసపు మధ్యాహ్నము ఎట్లు గడచునో కూడ తెలియును. మట్టిమిద్దెమీది చౌడుపొర యెండను ఆపినట్లే నేటి మిద్దెతోటయు నాపుచున్నది. అట్లని పాత యిండ్లను పొగడుచు కూర్చుండుట మా యుద్దేశము కాదు. ఆ చల్లని యిండ్లలోనే వంటగదికి కిటికీ లేక, మన తల్లులు పొగలో కన్నులు పాడుచేసికొనిరి. ఏటేట మిద్దెకు మన్ను మోసినవారును, గోడలకు పేడ అలికినవారును స్త్రీలే. ఆ చల్లదనమునకు వెల యెవరు చెల్లించిరో చెప్పక పూర్వవైభవమును కీర్తించువారి మాటలు మాకు రుచింపవు. ఈ క్రొత్త భవనము ఆ గుణమును నిలుపుకొని ఆ కష్టమును తొలగింప జూచినది. దీని గొప్పతన మందున్నది.

ఇంతవరకు మెప్పు. ఇక లెక్క.

ప్రారంభమున కప్పుమీద నుంచిన సౌరఫలకముల శక్తి 23.5 కిలోవాట్లు. మన యెండలో ఇవి దినమునకు సుమారు నూరు యూనిట్ల కరెంటు నిచ్చును. భవనమునకు వలసిన కరెంటులో ఇది ఇంచుమించు అయిదవవంతని నాటి లెక్క. తక్కిన నాలుగువంతులును ఊరికెల్ల వచ్చు తీగల వెంటనే వచ్చెను. నగరపు కుళాయినీటి వాడుక, ఇట్టి సాధారణ భవనముతో పోల్చిచూడ, 35 శాతము తగ్గినదని చెప్పిరి. తగ్గుట గొప్పయే. కాని తగ్గుట వేరు, అక్కరలేకపోవుట వేరు. నూరు బిందెలు తెచ్చుకొను ఇల్లాలు అరువదియైదు బిందెలతో సరిపెట్టుకొనిన ఆమెను పొదుపరి యందుము. ఆమెకు బావితో పనిలేదని యనము. భవనము కట్టినవారు తమ కృషికి పొదుపను పేరు పెట్టుకొనినచో మాకు వివాదమే లేదు. స్వయంపోషకమను మాట దీని భక్తులదియు, దీనిని చూచి తరువాత లేచిన మేడల ప్రకటనలదియును. ఎరువు సొమ్ము బరువుచేటని మన పెద్దలు సామెత చెప్పిరి. ఎరువు తెచ్చుకొనుటలో దోషము లేదు. ఎరువు నగలు పెట్టుకొని పుట్టినింటివారు పెట్టినవని చెప్పుకొనుటలోనే దోషమున్నది.

ఆ మిగిలిన అరువదియైదు బిందెలు ఎక్కడివి? ఈ ఒక్క భవనపు కుళాయిలో ఏ నది నీరు పడుచున్నదను చర్చ అనవసరము. మంజీర, గోదావరి, కృష్ణ, ఈ మూడింటి నీరును నగరమున నొక్క పద్దులోనే ఖర్చగును. అందు పెద్దపాలు కృష్ణది. ఈ భవనము తలుపులు తెరచిన 2004 సంవత్సరముననే హైదరాబాదుకు కృష్ణానీటి పథకపు మొదటిదశయు అందివచ్చినది. రెండవదశ 2008లోను, మూడవదశ 2015లోను వచ్చినవి. దశకు 9 కోట్ల గ్యాలన్ల చొప్పున దినమునకు 27 కోట్ల గ్యాలన్లు, అనగా 122 కోట్ల లీటర్లకు పైబడిన నీరు, నాగార్జునసాగర జలాశయమునుండి తోడబడి, అక్కంపల్లి జలాశయమున నిలిచి, కోదండాపురమున శుద్ధియై, నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో ప్రయాణముచేసి నగరము చేరుటకు ఏర్పాటు చేసిరి. అక్కంపల్లియు, కోదండాపురమును నల్లగొండజిల్లాలోనివి.

సాగరము నిండుమట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల యెత్తు. హైదరాబాదు నగరము సుమారు 1,700 అడుగుల యెత్తున నున్నది. వేయి లీటర్ల నీటిని వేయి అడుగులు పైకెత్తుటకు, పంపు ఎంత మంచిదైనను, ఇంచుమించు ఒక యూనిట్టు కరెంటు కాలును. అనగా నగరమున నీరు వాడువాడు నీటితోపాటు కరెంటును గూడ వాడుచున్నాడు. ఆ యూనిట్టు మాత్రము భవనపు మీటరులో ఎక్కదు.

గొట్టములు సాగిన ఆ నేలను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. నల్లగొండ అడుగురాయి గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైడు మెల్లగా కరగి బావినీటిలో చేరును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీరు త్రాగరాదని నియమము; ఈ జిల్లా గ్రామములు పెక్కింట బావులలోను, బోరులలోను అది యా హద్దును దాటియుండెను. ఆ నీరు త్రాగినవారికి మొదట పండ్లకు గారపట్టును, పిమ్మట కీళ్లు బిగియును, వెన్ను వంగును, ఎదుగు పిల్లల కాళ్లు వంకరలు పోవును. 1940ల నాటికే వైద్యులు నల్లగొండలో ఈ వ్యాధిని గుర్తించి వ్రాసిరి. పటికను, సున్నమును కలిపి నీటినుండి ఫ్లోరైడును విడదీయు పద్ధతిని నాగపురపు నీరీ సంస్థవారు 1970ల ప్రాంతమున రూపొందించి, దానికి నల్లగొండ విధానమనియే పేరుపెట్టిరి. ఆఫ్రికాఖండమున కెన్యా, టాంజానియా దేశముల వరకు ఆ పేరు ప్రాకినది. ఒక జిల్లా పేరు లోకమున ప్రసిద్ధికెక్కుట సామాన్యముగా గర్వకారణము. ఈ ప్రసిద్ధి వినినపుడు మాత్రము మాకు గర్వము కలుగదు.

చెరువులు, కుంటలు పూడిపోయి, బోరుబావులు లోతైనకొలది ఆ బాధ ముదిరినది. మునుగోడు, మర్రిగూడ ప్రాంతములవారు కృష్ణానీటికై ఏండ్లతరబడి మొరపెట్టుకొనిరి. ఆ కాలముననే వారి జిల్లాగుండ నగరమునకు పోవు నీరు గొట్టములలో పారుచుండెను. 2016 తరువాత మిషన్ భగీరథ పథకముచే నదీజలము ఊరూరికి చేరుటతో ఈ దుఃఖము చాలవరకు తగ్గినదని సంతోషముతో నొప్పుకొనుచున్నాము. వంగిన వెన్నులను మాత్రము ఏ కుళాయియు నిలువబెట్టజాలదు. మేమీ కథ చెప్పుట నగరవాసులను దోషులుగా నిలబెట్టుటకు కాదు. నగరమునకు నీరు కావలయును; అక్కడ నున్నవారును మనవారే, వారిలో సగము ఈ జిల్లాలనుండి పోయినవారే యనదగినంతమంది నల్లగొండవారు, పాలమూరువారు అక్కడ నున్నారు. అయినను ఒక భవనము తాను ఎవరిమీదను ఆధారపడనని చాటుకొనునపుడు, ఆ చాటింపులో అక్కంపల్లి పేరు చెరిగిపోవుచున్నది. మా అభ్యంతరమంతయు ఆ చెరుపునకే.

కరెంటు సంగతియు నిట్టిదే. దీనిని సంగ్రహముగా చెప్పెదము. శ్రీశైలము ఎడమగట్టున నేలలోపల తొలిచికట్టిన 900 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము పూర్వపు మహబూబునగరము జిల్లాలో, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో నున్నది. శ్రీశైల జలాశయము క్రింద అటు కర్నూలు, ఇటు మహబూబునగరము జిల్లాల గ్రామము లనేకములు మునిగినవి. గుడులను విప్పి మరియొకచోట కట్టగలిగిరి గాని ఊళ్లను కట్టలేకపోయిరి. 2020 ఆగస్టు 20వ తేది రాత్రి ఆ భూగర్భకేంద్రమున నిప్పు పుట్టి తొమ్మండుగురు మరణించిరి. నల్లగొండజిల్లా దామరచర్ల మండలమున బొగ్గుతో నడచు 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. 2024లో అది విద్యుచ్ఛక్తి నీయ నారంభించినది. పొగయు, బూడిదయు నక్కడ మిగులును. చల్లదనము తీగవెంట నగరమునకు వచ్చును.

మూడవ అప్పు మనుష్యులది. పాలమూరు కూలీలనిన దేశమంతట తెలిసినమాట. ఆనకట్టలు, కాలువలు, రహదారులు, ఇప్పుడు నగరపు మేడలు, వీని పునాదులలో వారి చెమట యున్నది. వానలు వెనుదీసిన యేట గుంపుమేస్త్రీ ఊరికి వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, భార్యాభర్తలను కలిపి తీసికొనిపోవును. పిల్లలు పోవుచో చదువు పోవును. పోనిచో ముసలివారియొద్ద మిగులుదురు. హరితభవనపు మార్కులపట్టికలో తిరిగి కరగించిన ఇనుమునకు మార్కులున్నవి, దూరమునుండి తేని ఇటుకకు మార్కులున్నవి, పని ముగిసిన పిమ్మట బయట పారవేయని చెత్తకు మార్కులున్నవి. ఇటుక దూరమునుండి వచ్చినదా యని అడుగు పట్టిక, ఇటుక మోసిన మనిషి యెంతదూరమునుండి వచ్చెనని అంత శ్రద్ధగా నడుగదు. కూలీలకు నీరు, మరుగుదొడ్డి, నీడ కల్పించినచో భారతీయ మండలి పట్టికలో కొంత స్థానమిచ్చిరి, అది మంచిదే. ఆ స్థానము బహుస్వల్పము. రేకులషెడ్డులో మే మాసము గడపిన కుటుంబము కట్టిన గోడ, లోపల కూర్చున్నవారికి ఎంత చల్లగా నున్నను, మేము దానికి ప్లాటినము మార్కు వేయుటకు తటపటాయించుచున్నాము.

ఇక స్వయంపోషణము అసలు సాధ్యమేనా యను ప్రశ్నకు వత్తము. దీనికి పెద్ద శాస్త్రము అక్కరలేదు. ఇంటి పద్దు వ్రాసికొనువారెవరైనను తేల్చుకొనవచ్చును. మన యెండలో ఒక చదరపు మీటరు సౌరఫలకము ఏడాదికి సుమారు 300 యూనిట్లిచ్చును. జాగ్రత్తగా కట్టి, పొదుపుగా నడపిన ఏసీ కార్యాలయము చదరపు మీటరుకు ఏడాదికి 75 యూనిట్లతో గడుపుకొనవచ్చు ననుకొందము. పెక్కు భవనములకు దానికి రెట్టింపును చాలదు. అట్లయిన కప్పంతయు ఫలకములతో నింపినను నాలుగంతస్తులకు సరిపోవును. కప్పుమీద నీళ్లతొట్లు, లిఫ్టుగదులు, ఏసీ యంత్రములు తీసికొనుచోటు విడిచినచో రెండుమూడంతస్తులకే. ఇరువదియంతస్తుల మేడకు ఎంత గొప్పగా లెక్కవేసినను అయిదవవంతు దాటదు. నీటిలెక్క అంతకంటె కఠినము. హైదరాబాదున ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. వేయి చదరపు మీటర్ల కప్పునుండి దొరకునది ఆరులక్షల లీటర్లపైచిలుకు. కార్యాలయమున మనిషికి దినమునకు 45 లీటర్లని జాతీయ నియమావళి చెప్పుచున్నది. ఇరువదియంతస్తులలో రెండువేలమంది ఏడాదికి 250 దినములు పనిచేసిన రెండుకోట్ల లీటర్లు దాటును. నూటికి మూడు పాళ్లు వాన, తొంబదియేడు పాళ్లు పరాధీనము! ఆకాశమునంటు అద్దపుమేడ ద్వారమున స్వయంపోషకమను మాట కనబడినచో మా చదువరులు దాని అంతస్తుల నొకసారి లెక్కించి చూచుకొందురుగాక.

విదేశములలో దీనిని సాధించినవారు లేకపోలేదు. అమెరికాలో సియాటిల్ నగరమున 2013 ఏప్రిల్ 22వ తేదిని తెరచిన బుల్లిట్ సెంటరు ఆరంతస్తుల కార్యాలయము. మబ్బుపట్టిన ఆ ఊరిలో 242 కిలోవాట్ల ఫలకములను కప్పు అంచుదాటి టోపీవలె పరచి, తాను వాడినదానికంటె ఎక్కువ కరెంటును ఏడాదిలో పుట్టించినది. వాననీటికి 56,000 గ్యాలన్ల తొట్టి కట్టిరి. అయినను అదియు ఊరి తీగను తెంపుకొనలేదు: వేసవిలో మిగిలినది ఊరికి అప్పిచ్చును, శీతకాలమున మరల పుచ్చుకొనును. ఏడాది తుదిని పద్దు సరిపోవుటయే దాని స్వయంపోషణము. మలమును ఎరువుగా మార్చు మరుగుదొడ్లను మొదట పెట్టి, కొన్నియేండ్లకు వానిని తీసివేసి వేరువిధమైనవి అమర్చుకొనిరి. ఇందు మేము హేళనచేయదగినది ఏమియు చూడలేదు. ఒక ప్రయోగము ఫలింపనపుడు బహిరంగముగా మార్చుకొనుటకు ధైర్యము కావలయును. మన ప్రకటనలలో కనబడనిది ఆ ధైర్యమే.

మార్కులను గూర్చి మాకున్న ప్రధానమైన సందేహ మిక్కడనే. ఈ మార్కులు చాలవరకు కట్టునాటి నమూనాను, సామగ్రిని, ముందంచనాలను చూచి యిచ్చునవి. పెండ్లిచూపులనాటి మాటలనుబట్టి పదియేండ్ల కాపురమునకు యోగ్యతాపత్ర మిచ్చినట్లున్నది. లోపలివారు తెరలు దించి పగలే దీపములు వెలిగించినను, మే మాసమున కంబళి కప్పుకొనవలసినంత చల్లగా యంత్రము నడపినను, గోడమీది పతకము వాడదు. కేంద్రప్రభుత్వపు ఇంధనపొదుపు సంస్థ 2009 నుండి కార్యాలయములకు ఇచ్చుచున్న నక్షత్రములు మాకు ఇంతకంటె నమ్మదగినవిగా తోచుచున్నవి. ఏలనగా వానికి ఆధారము నిజముగా కాలిన యూనిట్లు. అంతకంటెను మేలైన ఉదాహరణము హైదరాబాదునకు వెలుపల పోచారమున నున్నది. ఇన్ఫోసిస్ సంస్థవారు 2011లో ఆ ఆవరణమున నొక భవనమును రెండు సమభాగములుగా కట్టించి, ఒక సగమును వాడుకలోనున్న ఏసీ పద్ధతులలో మంచిదానితోను, రెండవ సగమును కప్పులో చల్లనినీటి గొట్టములు పరచియు చల్లబరచిరి. ఒకే యెండ, ఒకేవిధమైన పని, రెండు మీటర్లు. గొట్టముల సగము చల్లదనమునకై ఇంచుమించు మూడవవంతు తక్కువ కరెంటు వాడినది. ఇది నిజమైన విమర్శపద్ధతి. ఆ భవనము పొగడ్తను కోరలేదు, పోలికను కోరినది.

ఇప్పుడు మెట్టప్రాంతమునకు మరలుదము. మహబూబునగరమున క్రొత్త కలెక్టరు కార్యాలయ సముదాయము 2022 డిసెంబరు 4న తెరువబడినది. అదే పట్టణముచెంత దివిటిపల్లిలో ఐటీ టవరును 2023 మే 6న, నల్లగొండలో ఐటీ టవరును 2023 అక్టోబరు 2న ప్రారంభించిరి. వెనుకబడిన జిల్లాల యువతీయువకులకు, ముఖ్యముగా ఇల్లు విడిచి నగరమునకు పోలేని ఆడుబిడ్డలకు, ఊరిచెంతనే ఉద్యోగము దొరకుటకంటె మేలైన సంస్కరణము లేదని మా నమ్మకము. కావుననే ఈ భవనములనుండి మేము ఎక్కువ కోరుచున్నాము. పేదజిల్లాకు ముందు పని కావలయును, నీడయు గాలియు తరువాత చూచుకొందమను వాదము మేము వినియున్నాము. నల్లగొండ ఎండ 45 డిగ్రీలు తాకు దినమున నీడ తరువాతి సంగతి కాజాలదు. పడమటిదిక్కున అద్దము పెట్టిన భవనము ముప్పది నలువదియేండ్లు ఆ తప్పునకు నెలనెల బిల్లు కట్టుచునే యుండును. ధనికనగరము ఆ దండుగ భరింపగలదేమో గాని పాలమూరు భరింపజాలదు.

విచిత్రమేమనగా, నగరమున చెల్లని ఆ స్వయంపోషకమను మాట, ఈ జిల్లాలలో చెల్లవచ్చును. పైలెక్కనే మరల వేసి చూడుడు. ఇక్కడ స్థలమునకు కరువులేదు గనుక ఇరువదియంతస్తులు పేర్చవలసిన పనిలేదు; రెండంతస్తులు చాలును. వేయి చదరపు మీటర్ల కప్పులో సగముమీద ఫలకములు పరచిన ఏడాదికి లక్షయేబదివేల యూనిట్లు. రెండంతస్తులకు, పొదుపుగా కట్టినచో, వలసినదియు అంతయే. కార్యాలయము నడచునది పగలు, ఎండ కాయునదియు పగలు గనుక అప్పుపుచ్చుకొనుటయు కొంచెమే. వాన ఇక్కడ తక్కువ. 650 మిల్లీమీటర్లే యనుకొందము. అయినను ఆ కప్పునుండి అయిదులక్షల లీటర్లు దొరకును. ఇన్నూరుమంది ఏడాదికి త్రాగునది లక్షన్నర లీటర్లకు మించదు. పైగా మబ్బునుండి పడిన నీటిలో ఫ్లోరైడు లేదు. కప్పును శుభ్రముగా నుంచి, మొదటివానను విడిచి, తరువాతి నీటిని మూసిన తొట్టిలో నిలువచేసి, వడగట్టి, పరీక్షించి త్రాగినచో, నల్లగొండలో అది అలంకారము కాదు, ఆరోగ్యము. తాండూరు నాపరాయి దూరము లేదు. ఊరిరాయి ఊరిలోనే యున్నది. రాతిపని తెలిసిన వడ్డెరలు, మట్టిపని తెలిసిన పాలమూరు కూలీలు ఇంటిచెంతనే పని దొరకినచో ముంబాయి బస్సెక్కవలసిన అవసరము కొంతయైన తగ్గును. ఈ చివరి లాభమును ఏ మార్కులపట్టికయు లెక్కింపలేదు. జిల్లా ఖజానా మాత్రము లెక్కింపవలయును.

ఇట్టి భవనమునకు బిరుదు ఏమి పెట్టవలెనను చర్చ మాకు ముఖ్యముకాదు. మేము కోరునది చిన్నపని. ప్రతి ప్రభుత్వకార్యాలయపు ద్వారమున, అధికారుల పేర్లు వ్రాసిన పలక ప్రక్కనే, మరియొక పలక పెట్టి, గడచిన నెలలో వాడిన యూనిట్లెన్ని, కప్పునుండి వచ్చినవెన్ని, కుళాయినీరు ఎన్నివేల లీటర్లు, అది యే జలాశయమునుండి వచ్చినది వ్రాయింపవలయును. దానికి సున్నపుబలపమును, ఒక గుమాస్తాయు చాలును.

మా చదువరుల యిండ్లలో ఇట్టి మేడలలో పనిచేయుచున్న కుమారులు, కుమార్తెలు, కోడండ్రు పలువురున్నారు. మీ కార్యాలయపు కిటికీ తెరచుకొనునా, పగలు దీపములు లేకుండ పని సాగునా, ఊడ్చు ఆమెకు అన్నము తినుటకు నీడగల చోటున్నదా, నిరుటి మే మాసపు కరెంటు బిల్లు ఎన్ని యూనిట్లు అని వారిని అడిగి తెలిసికొని మాకు వ్రాసిన, భవనముల పేర్లు చెప్పక లెక్కలు మాత్రము రాబోవు సంచికలలో వరుసగా ప్రకటించెదము.